పుట్టినింటి బైసికిలు

చెన్నూరు గోదావరీ తీరమందలి పురాతన స్థలము. నది యచ్చట నుత్తరవాహిని యగుటచేత స్నానమునకును, అగస్త్యేశ్వరస్వామి దర్శనమునకును జుట్టుప్రక్కల పల్లెలవారు వచ్చుచుందురు. రైలెక్కవలెనన్న నిరువది మైళ్లకు పైబడి మంచిర్యాలకు బోవలయును. మోటారుబండ్లు వ్యాపింపక పూర్వ మిట్టి సీమలో బైసికిలుగల యిల్లు గౌరవమైన యిల్లు. ముందు కడ్డీపై బిడ్డ, వెనుక భార్య, హ్యాండిలునకు వ్రేలాడు సంచి! సంసారమంతయు రెండు చక్రములపై సాగెడిది.

ఆ బండిపై మగవారికిగల మమకారము లోకవిదితమే. దసరానాడు కడిగి, పసుపుకుంకుమలు పెట్టి, బంతిపూలదండ వేయుదురు. పరు లడిగిన నీయరు. కాని సోదరీమణులారా, స్త్రీకి దానిపైగల మమకారము వేఱు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ననేక సంవత్సరములు మన పల్లెలలో చేతిగడియారము, రేడియో, బైసికిలు కట్నములలో ముఖ్యములుగా నుండెను. 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినను ఆచారము మాసిపోలేదు. పంట యమ్మియో, అప్పుచేసియో తండ్రి కొన్న బండి యల్లుని సొత్తై యింట బ్రవేశించును. కోడలికి మాత్రమది పుట్టినింటి వస్తువు. పాతగుడ్డతో రిమ్ములు తుడుచును. గొలుసునకు నూనె వేయును. వీధిమలుపున గంట మ్రోగగనే తమ బండియని గుర్తించును. అయినను దానినెక్కి త్రొక్కుట యామెకు గూడదు! ఇంతకంటె వింత యేమున్నది?

కొడుకు మోటారుబండి కొనిన పిమ్మట, తుప్పుపట్టిన యా బైసికిలును పాతయినుము వానికి వేయజూచిన, ముసలమ్మ యడ్డుపడును. ఇంటివారు చాదస్తమందురు. నా మట్టుకు నది చాదస్తముగా దోపదు. ఆ యప్పు తీర్చుటకు దండ్రి పడిన పాట్లు ఆ యింట నామె యొక్కతెయే యెఱుగును.

ఇక త్రొక్కుట మాట. 1885లో స్టార్లీ సమచక్రముల బండిని, 1888లో డన్లపు గాలిటైరును గల్పించిన పిమ్మట బాశ్చాత్యస్త్రీలు పెక్కుమంది బైసికిలెక్కిరి. స్త్రీల వోటుకై పోరాడిన అమెరికా వనిత సూసన్ ఆంథొనీ, స్త్రీవిముక్తికి బైసికిలు చేసినంత మేలు మఱేదియు జేయలేదని 1896లో నభిప్రాయపడెను. మన పొరుగున తమిళనాట పుదుక్కోట జిల్లాలో 1991 ప్రాంతమున, అక్షరాస్యతోద్యమముతోపాటు వేలకొలది గ్రామీణస్త్రీలు దీనిని నేర్చిరి. ఆడవారి బండ్లు చాలినన్ని దొరకక మగవారి బండ్లనే యెక్కిరి. కొందఱు వానినే మెచ్చుకొనిరి కూడ. కడ్డీపై బిడ్డను గూర్చుండబెట్టుకొన వచ్చునట!

మీ గొడ్లచావిడిలో నట్టి బండి యున్నయెడల, పాతయినుము వానిని బిలుచుటకు ముందు గాలి కొట్టించి, ఇంటిపిల్ల నొకసారి త్రొక్కనిండు. ముసలమ్మను అరుగుమీద గూర్చుండబెట్టుడు.