టైరు లోపలి అంచు తినేస్తున్నది ఎవరు? నల్లరేగడి రోడ్ల మీద వీల్ అలైన్‌మెంట్

ఈ ఎపిసోడ్‌లో వీల్ అలైన్‌మెంట్ గురించి మాట్లాడుకుందాం. గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు వైపు పోలో జీటీ, ఐ20 ఎన్ లైన్ లాంటి హుషారైన కార్లు నడిపే కుర్రాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. "అన్నా, మలుపులో కారు రోడ్డుకి అతుక్కుపోవాలి, టైర్లు మాత్రం అరగకూడదు. ఏం చేయించాలి?"

చాలా వరకు రెండూ కుదురుతాయి. కాకపోతే ఏ కోణం ఏ పని చేస్తుందో మనకి తెలియాలి. తెలియకుండా షాపులో "స్పోర్టీగా పెట్టు" అని వదిలేస్తే టైర్ల డబ్బు రోడ్డుపాలే.

ముందు మన రోడ్ల సంగతి చూద్దాం. మనది నల్లరేగడి. పత్తికీ మిరపకీ బంగారం లాంటి నేల, రోడ్డుకి మాత్రం శత్రువు. వానలకి ఉబ్బుతుంది, ఎండలకి ముడుచుకుపోయి నెర్రెలు ఇస్తుంది. అందుకే ఊళ్లలోకి వెళ్లే తారు రోడ్లు అలలు అలలుగా ఉంటాయి, అంచులు విరిగి కుంగిపోతాయి. మిరప సీజన్‌లో ఎదురుగా టిక్కీల లోడుతో ట్రాక్టర్ వచ్చిందంటే మనమే మార్జిన్ దిగాలి. అప్పుడు ఎడమ ముందు చక్రం ఆ విరిగిన అంచు మీద నుంచి దభీమని పడుతుంది. లో ప్రొఫైల్ టైరు, గట్టి సస్పెన్షన్ ఉన్న కారులో ఆ దెబ్బ నేరుగా టై రాడ్‌కి, బుష్‌లకి వెళ్తుంది. ఇలాంటివి కొన్ని తగిలితే చాలు, అలైన్‌మెంట్ తప్పుతుంది.

ఇప్పుడు మూడు కోణాలు. ఒకటి, టో. నిలబడి మీ పాదాలు చూసుకోండి. వేళ్లు లోపలికి తిరిగి ఉంటే టో ఇన్, బయటికి తిరిగి ఉంటే టో అవుట్. చక్రాలదీ అదే లెక్క. రెండు, క్యాంబర్. కారుకి ఎదురుగా నిలబడి చూసినప్పుడు చక్రం పైభాగం లోపలికి వాలి ఉంటే నెగటివ్ క్యాంబర్. మలుపులో బాడీ బయటికి ఒరుగుతుంది కదా, దానితో పాటు చక్రమూ ఒరిగి టైరు బయటి అంచు మీద నిలబడుతుంది. ముందే కొంచెం లోపలికి వాల్చి ఉంచితే ఆ సమయానికి టైరు రోడ్డుకి సమంగా ఆనుతుంది. పట్టు అక్కడి నుంచి వస్తుంది. మూడు, క్యాస్టర్. సైకిల్ ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉంటుంది చూడండి, అలాంటి వాలు. స్టీరింగ్ తిప్పి వదిలితే తనంతట తాను తిన్నగా వచ్చేది ఎక్కువగా దీనివల్లే. టైరు అరుగుదలలో దీని వాటా తక్కువ.

మరి టైరుని తినేది ఎవరు? అందరూ క్యాంబర్ మీదకే తోస్తారు. నా లెక్కలో మొదటి దొంగ టో. ఎందుకో చెప్తాను. ఒక చక్రం తిన్నగా కాకుండా 0.1 డిగ్రీ పక్కకి చూస్తోందనుకోండి. టైరు అంచుల దగ్గర కొలిస్తే ఇది సుమారు ఒక మిల్లీమీటరు తేడా. కంటికి కనపడదు. కానీ కారు కిలోమీటరు వెళ్లేసరికి ఆ టైరు దాదాపు 1.75 మీటర్లు పక్కకి ఈడ్చుకుపోయినట్టు లెక్క. గుంటూరు నుంచి ఒంగోలు సుమారు 110 కిలోమీటర్లు. అంటే ఒక్కసారి వెళ్లేసరికి 190 మీటర్ల ఈడ్పు! కారు నిలబెట్టి టైరుని అంత దూరం అడ్డంగా లాగితే ఏమవుతుందో ఊహించుకోండి. క్యాంబర్‌ది ఈ రకం ఈడ్పు కాదు, బరువు ఒక అంచు మీద ఎక్కువ పడటం. అందుకే టో సరిగ్గా ఉంటే ఒక డిగ్రీ నెగటివ్ క్యాంబర్‌ని టైరు తట్టుకుంటుంది. రెండూ తప్పితే మాత్రం లోపలి అంచు త్వరగా గుండు అయిపోతుంది.

ఇక్కడ ఒక చిన్న కిటుకు. మెషిన్ ఇచ్చే ప్రింట్‌లో చాలాసార్లు 0°06′ అని ఉంటుంది. అది 0.06 డిగ్రీ కాదు. గంటకి 60 నిమిషాలు ఉన్నట్టే డిగ్రీకీ 60 నిమిషాలు. 6 నిమిషాలంటే డిగ్రీలో పదో వంతు. ఇందాక మనం లెక్క వేసింది సరిగ్గా అంతే. ముందు, తర్వాత రెండు ప్రింట్లూ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. అన్నీ పచ్చరంగులో ఉంటే చాలదు, ఎడమా కుడీ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయా చూడండి.

మన కార్లలో ఏం మార్చొచ్చు? మాజ్డా ఎంఎక్స్-5 లాంటి అసలు స్పోర్ట్స్ కారులో నాలుగు చక్రాలకీ క్యాంబర్, టో రెండూ కంపెనీ నుంచే మార్చుకునేలా ఉంటాయి. మన పోలో, ఐ20లలో మామూలుగా మార్చేది ముందు టో ఒక్కటే. వెనక టార్షన్ బీమ్. అది వంగితే షిమ్ములు పెట్టాలి, లేదా బీమ్ మార్చాలి. ముందు క్యాంబర్ కావాలంటే విడిగా క్యాంబర్ బోల్టులు వేయించుకోవాలి. వేయించుకునేవాళ్లకి నా సలహా: మైనస్ 1 నుంచి మైనస్ 1.5 మధ్య, రెండు వైపులా సమానంగా. టో కంపెనీ చెప్పిన హద్దుల్లో, సున్నాకి దగ్గరగా. ముందు టో అవుట్ పెడితే స్టీరింగ్ చురుగ్గా తిరుగుతుంది, నిజమే. హైవే మీద మాత్రం కారు అటూ ఇటూ వెతుక్కుంటుంది.

"చెన్నై ట్రాక్‌కి వెళ్తున్నా అన్నా, మైనస్ 3 పెట్టించనా?" అని అడిగేవాళ్లూ ఉన్నారు. గుంటూరు నుంచి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్లి రావడానికే సుమారు 800 కిలోమీటర్ల హైవే. ట్రాక్ మీద తిరిగేది అందులో కొంచెమే. కాబట్టి కారుని ఎక్కువ దూరం నడిపే రోడ్డుకి సెట్ చేయించండి.

షాపుకి వెళ్లినప్పుడు వరస ముఖ్యం. ముందు నాలుగు టైర్లలో గాలి. తర్వాత టై రాడ్ ఎండ్, బాల్ జాయింట్, బుష్‌లలో ఆట ఉందేమో చూడాలి. ఆట ఉంటే అలైన్‌మెంట్ చేయించడం దండగ, బయటికి రాగానే మళ్లీ కదులుతుంది. మెషిన్ మీద వెనక చక్రాలు ముందు చూసి, తర్వాత ముందు చక్రాలు. క్యాంబర్ ముందు, టో ఆఖరున. క్యాంబర్ కదిపితే టో కూడా కదులుతుంది మరి.

కారు ఎడమకి లాగుతోందని ప్రతిసారీ అలైన్‌మెంట్ అనుకోకండి. వాననీళ్లు పోవడానికి రోడ్డుకి అంచు వైపు వాలు ఇస్తారు. మనం ఎడమ పక్క నడుపుతాం కాబట్టి కొంచెం ఎడమకి జారడం సహజం. ఎక్కువగా లాగితే ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చి చూడండి, డైరెక్షన్ బాణం గుర్తు ఉన్నవి కాకపోతేనే. లాగడం అటు మారితే తప్పు టైరుది. 80 దాటాక స్టీరింగ్ వణికితే ముందు బ్యాలెన్సింగ్ చూపించండి.

ఆఖరి మాట, అసలు మాట. బయటి నుంచి కొత్తగా కనిపించే టైరు లోపలి అంచున దారాలు తేలి ఉండొచ్చు. రెంటచింతల ఎండలో, నిండా జనంతో, హైవే వేగంలో అది పేలితే కారు మన చేతిలో ఉండదు. చట్టం ప్రకారం కారు టైరుకి కనీసం 1.6 మిల్లీమీటర్ల గాడి ఉండాలి. అది మధ్యలో కొలిచి సంతృప్తి పడొద్దు. ఇంటి దగ్గర కారు ఆపి, స్టీరింగ్ పూర్తిగా ఒక వైపుకి తిప్పి, ఫోన్ టార్చ్ వేసి లోపలి అంచు వీడియో తీయండి. రెండో వైపూ అంతే. వెనక టైర్లకి ఫోన్ కిందకి పెట్టి తీయండి. తర్వాత టైరు మీద అడ్డంగా చెయ్యి రాయండి. ఒక వైపుకి నున్నగా, రెండో వైపుకి రంపపు పళ్లలా తగిలితే టో తప్పింది. పళ్లు లేకుండా లోపలి అంచే నున్నగా అరిగితే క్యాంబర్. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, మధ్యలో అరిగితే గాలి ఎక్కువ.

దీనికి రెండు నిమిషాలు చాలు. మీ కారే కాదు, ఇంట్లో నాన్నగారి కారు కూడా చూడండి.