మాచునూర్ పాటకు దొరికిన గాలి

పదేళ్లపాటు ఆ స్టూడియోలో పాటలు రికార్డవుతూనే ఉన్నాయి. రేడియోలో మాత్రం ఒక్కటీ రాలేదు.

జహీరాబాద్ దగ్గర మాచునూర్ చిన్న ఊరు. అక్కడి మహిళా సంఘాల కోసం దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ 1998 నాటికే యునెస్కో తోడ్పాటుతో స్టూడియో సిద్ధం చేసింది. మైకులున్నాయి, రికార్డర్లున్నాయి, పాడే గొంతులకైతే కొదవే లేదు. లేనిదల్లా లైసెన్సు. ఊరివాళ్లు సొంతంగా రేడియో నడుపుకోవడానికి అప్పటికి ప్రభుత్వ విధానంలో దారి లేదు. అయినా వాళ్లు ఊరుకోలేదు. క్యాసెట్లు పట్టుకుని ఊరూరా సంఘం మీటింగులకు వెళ్లి, టేప్‌రికార్డర్లో పెట్టి వినిపించారు. గాలిలో వెళ్లాల్సిన పాట చేతిసంచిలో ప్రయాణం చేసిందన్నమాట.

నిజానికి అంతకు మూడేళ్ల ముందే, 1995 ఫిబ్రవరిలో, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు చెప్పిన న్యాయమూర్తుల్లో జస్టిస్ పి.బి. సావంత్ ఒకరు. స్వచ్ఛంద సంస్థలూ సామాజిక రేడియో పెట్టుకోవచ్చని కేంద్రం ఒప్పుకునేసరికి 2006 వచ్చింది. 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద సంఘం రేడియో గొంతు విప్పింది. ప్రారంభించడానికి వచ్చింది ఆ సావంత్ గారే. మన ప్రసార చరిత్రలో ఇంతకన్నా నిండైన రోజు నాకు తెలిసి లేదు.

రేడియోను నడిపింది ఇద్దరు నర్సమ్మలు. ఒకరు జనరల్ నర్సమ్మ, ఇంకొకరు ఆల్గోల్ నర్సమ్మ. ఇద్దరూ దళిత మహిళలే. వాళ్ల గొంతు చుట్టుపక్కల పాతిక కిలోమీటర్ల దాకా వినిపిస్తుంది. ప్రసారం రాత్రిపూట, అదీ రెండు గంటలే. చేను నుంచి ఇంటికొచ్చి, పొయ్యి రాజేసి, పిల్లలకు అన్నం పెట్టాక గానీ వినే తీరిక ఎవరికీ ఉండదు కదా. మాట్లాడేది ఇంట్లో మాట్లాడే మాటే. ఆ తెలంగాణ యాసను సినిమాల్లో నవ్వులాటకు వాడుకున్న రోజులు మనందరికీ తెలుసు. ఇక్కడ ఆ యాసలోనే విత్తనం ముచ్చట్లు, పశువుల రోగాలు, పిల్లల చదువులు మాట్లాడుకుంటారు.

ఇక పాట. కలుపు తీసేటప్పుడు ఆడవాళ్లు వరుసగా కూర్చుని సాలు వెంట ముందుకు జరుగుతారు. ఒకామె పాట ఎత్తుకుంటుంది, తక్కినవాళ్లు అందుకుంటారు. వాళ్లు పాడుతున్నంతసేపూ ఎత్తుకున్నామె ఊపిరి తీసుకుని, తర్వాతి మాట తలచుకుంటుంది. ఆమె మరిచిపోతే పక్కామె అందిస్తుంది. కొడవలి ఆగదు, పాటా ఆగదు. అదే పాటను గదిలో ఒక్కరిచేత పాడిస్తే సగం ప్రాణం పోతుంది. ఇసుర్రాయి పాట ఇంకో తీరు. ఆ పాటకు తాళం వేసేది రాయే. గింజలు పోయడానికి చెయ్యి ఆగినచోట రాగమూ కాస్త సాగి నిలబడుతుంది. ఆ విరామాన్ని తప్పనుకుని ఎడిటింగులో కత్తిరిస్తే పాట చెడిపోతుంది. తిరగలి తిప్పిన చేతులే మీట నొక్కితే ఆ పొరపాటు జరగదు. ఈ రేడియోను నేను ఇంతగా ప్రేమించడానికి అసలు కారణం ఇదే.

ఈ పాటలు పుట్టేవి వాన మీదే ఆధారపడ్డ చెలకల్లో. ఒకే చేనులో జొన్న, కంది, కొర్ర, సామ, అనుములు కలిపి వేస్తారు. సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతరలో ఆ విత్తనాలను కుండల్లో పోసి, ఎడ్లబండ్లకెత్తి ఊరూరా తిప్పుతారు. బండి వెంట పాట ఉంటుంది. బతుకమ్మ నాళ్లలో తంగేడు, గునుగు పూలతోపాటు ఆ పాటలూ వస్తాయి. ఇన్ని పాటలుండగా సినిమా పాటతో సంఘం రేడియోకు పని పడలేదు.

ఈ పనికి వెన్నుదన్నుగా నిలిచిన పి.వి. సతీశ్ ఒకప్పుడు దూరదర్శన్‌లో కార్యక్రమాలు తీసిన మనిషి. కెమెరా వెనుక చోటును, మైకు ముందు చోటును ఊరి ఆడవాళ్లకే అప్పగించారు. 2023 మార్చిలో ఆయన కన్నుమూశారు.

సామాజిక రేడియో సొంతంగా వార్తలు చెప్పకూడదన్నది నిబంధన. ఈ పూట ఏ ఊరి అవ్వ ఏ పాట పాడుతుందో మాత్రం చెప్పొచ్చు. ఆ అవ్వ పేరు వినగానే ఆ ఊళ్లో ఎవరో ఒకరు లేచి, గుమ్మం దాకా వచ్చి, పక్కింటివాళ్లను కేకేస్తారు.