గుర్రం మెడలో మొదలై.. మనిషి నడుముకు వచ్చింది!

బయోమెడికల్ అనగానే మీకేం గుర్తొస్తుంది? స్కానింగ్ మెషిన్లు, ఐసీయూ మానిటర్లు.. బీటెక్ రోజుల్లో నాకూ అంతే. ఈ గుర్రాల కథ తెలిశాక ఆలోచన మారింది.

గుర్రం మెడలో వెన్నుపూసలు ఏడు. మనకూ ఏడే. ఆ పూసల్లో దారి ఇరుకైనా, కీళ్లు అరిగి వాచినా లోపలున్న వెన్నుపాము నలుగుతుంది. కాళ్లు మాట వినవు, గుర్రం తాగినట్టు తూలుతుంది. దీన్నే వాబ్లర్ సిండ్రోమ్ అంటారు. దాదాపు అయిదొందల కిలోల జంతువు ఎప్పుడు కూలుతుందో తెలీకపోతే దానిమీద ఎవరెక్కుతారు? అలాంటి చాలా గుర్రాలను చంపేసేవారు.

1970ల్లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఇద్దరు కలిశారు. జార్జ్ బాగ్బీ మనుషుల ఎముకల డాక్టరు, బారీ గ్రాంట్ గుర్రాల సర్జన్. వాళ్ల పద్ధతి వింటే మెకానికల్ వాళ్లకు హుషారొస్తుంది. గుర్రాన్ని వెల్లకిలా పడుకోబెట్టి గొంతు వైపు నుంచి కోస్తారు. రెండు పూసల మధ్య రంధ్రం చేసి, దానికంటే కాస్త లావైన స్టీలు గొట్టాన్ని అందులో దిగ్గొడతారు. మన ఇంటర్‌ఫెరెన్స్ ఫిట్టే! గొట్టం నిండా చిల్లులు, లోపల ఆ గుర్రం ఎముక ముక్కలే. చిల్లుల గుండా ఎముక పెరిగి రెండు పూసలూ ఒకటైపోతాయి. కదలిక ఆగితే వాపు, ఒత్తిడి మెల్లగా తగ్గుతాయి.

1977లో ట్రిపుల్ క్రౌన్ గెలిచిన సియాటిల్ స్లూకు 2000లో మెడ ఆపరేషన్ జరిగింది. 2002లో మళ్లీ చేయాల్సొచ్చింది. ఆ మే నెలలోనే, 28వ ఏట చనిపోయింది. అంటే ఇది మంత్రమేం కాదు. తూలుడుకు 0 నుంచి 5 దాకా గ్రేడులిస్తారు. ఆపరేషన్‌తో సాధారణంగా ఒకటి, రెండు గ్రేడులు మెరుగవుతాయి. మత్తు దిగాక గుర్రం లేచి నిలబడటమే పెద్ద గండం. ఆ కంగారులో కాలు విరగ్గొట్టుకునేవీ ఉంటాయి.

అసలు ట్విస్టు ఇక్కడుంది. ఇదే ఆలోచనతో మరలున్న టైటానియం గొట్టం తయారైంది. మనుషుల నడుము ఆపరేషన్లకు దాన్ని వాడొచ్చని 1996లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. సాధారణంగా మందులు జంతువుల మీద పరీక్షించి మనకిస్తారని వింటాం. ఇక్కడ గుర్రానికీ నిజంగా వైద్యం అందింది!

బైపీసీ వాళ్లకు దారి తెలిసిందే: ప్రవేశ పరీక్ష ర్యాంకుతో అయిదున్నరేళ్ల బీవీఎస్సీ, తర్వాత సర్జరీలో ఎంవీఎస్సీ. తిరుపతి, రాజేంద్రనగర్‌లలో కాలేజీలున్నాయి. మరి ఎంపీసీ వాళ్లు? ఫైనలియర్ ప్రాజెక్టుకు డ్రోన్ తప్ప ఇంకేం తట్టట్లేదా? దగ్గర్లోని వెటర్నరీ కాలేజీ సర్జరీ విభాగానికి వెళ్లి, 'సార్, మీకు ఏ పనిముట్టు సరిగా లేదు?' అని అడిగి చూడండి.