చిన్న తూటా, నిలకడైన పిస్తోలు

తెలుగులో 'గురి' అనే మాటకు రెండర్థాలున్నవి. ఒకటి లక్ష్యం, రెండవది నమ్మకం. 'గురి చూసి కొట్టాడు' అంటాము. 'ఆ వైద్యునిమీద మా ఊరివారికి మంచి గురి' అని కూడా అంటాము. ఈ రెండర్థాలూ ఒకేచోట కలిసే వస్తువేదని అడిగితే, పోటీకి దిగిన షూటరు చేతిలోని పిస్తోలును చూపవచ్చును. లక్ష్యంమీద గురి నిలవాలంటే, ముందు ఆయుధంమీద గురి ఉండాలి.

జాతీయ రహదారిమీద చిలకలూరిపేటకూ మేదరమెట్లకూ నడుమ ఉన్న మార్టూరు 1970 వరకు గుంటూరు జిల్లాలోను, ఆ తరువాత ప్రకాశం జిల్లాలోను ఉండి, 2022లో బాపట్ల జిల్లాలో చేరినది. చుట్టూ పత్తి, మిరప, పొగాకు చేలు. రోడ్డు పక్కన గ్రానైటు పలకలు కోసి నునుపు చేసే కార్ఖానాలు. ఇటువంటి ఊళ్ళలో తుపాకి అనగానే పెద్దల మనస్సులో మెదిలే చిత్రం వేరు. పూర్వం మోతుబరి ఇంట గోడకు వేలాడిన లైసెన్సు తుపాకి, ఎన్నికలు వస్తే దానిని పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకోవడం, పల్నాటి వైపు కక్షల కథలు - ఇవి వారికి తెలిసినవి. పిల్లలకు తెలిసిన తుపాకి మరొకటి. 2012లో లండను ఒలింపిక్ క్రీడలలో హైదరాబాదు యువకుడు గగన్ నారంగ్ ఎయిర్ రైఫిలులో కాంస్య పతకం తెచ్చాడు. ఆ క్రీడలలోనే విజయకుమార్ 25 మీటర్ల ర్యాపిడ్ ఫైరు పిస్తోలులో రజతం సాధించాడు. 2023లో చైనాలోని హాంగ్‌చౌలో జరిగిన ఆసియా క్రీడలలో హైదరాబాదు అమ్మాయి ఈశా సింగ్ 25 మీటర్ల పిస్తోలులో వ్యక్తిగత రజతమూ, మను భాకర్, రిథమ్ సాంగ్వాన్‌లతో కలిసి జట్టు స్వర్ణమూ, ఎయిర్ పిస్తోలులో మరి రెండు రజతాలూ గెలుచుకున్నది. 2024లో పెరూ దేశపు లీమా నగరంలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీలలో 25 మీటర్ల పిస్తోలు స్వర్ణం ఆంధ్రప్రదేశ్ యువకుడు నేలవల్లి ముకేశ్‌కు దక్కినది. పత్రికలో ఈ వార్త చదివిన బాలుడు తండ్రిని అడిగే ప్రశ్న ఒక్కటే: 'నాకు ఏ పిస్తోలు కొనిపెడతావు?'

ప్రశ్న చిన్నది. జవాబుకు ముందుగా తూటాను గూర్చి తెలుసుకోవలసి ఉన్నది.

ఈ 25 మీటర్ల పోటీలలో వాడేది 5.6 మిల్లీమీటర్ల తూటా. ఇంగ్లీషు కొలతలో పాయింటు ఇరవై రెండు అంటారు. పెద్ద తూటాలలో మందును అంటించే పేలుడు పదార్థం అడుగున నడిమధ్య చిన్న గిన్నెవంటి భాగంలో ఉంటుంది. ఈ చిన్న తూటాలో అది అడుగు అంచు మడతలో చుట్టూ పరచుకొని ఉంటుంది. తుపాకి సూది ఆ అంచును చితికించగానే నిప్పు పుడుతుంది. అందుచేతనే దీనికి రిమ్‌ఫైరు, అనగా అంచున పేలేది, అని పేరు వచ్చినది. 1845 ప్రాంతంలో ఫ్రాన్సులో ఫ్లోబేర్ అనే అతడు ఇళ్ళ హాళ్ళలో వినోదార్థం కాల్చుకోవడానికి ఇటువంటి చిన్న తూటాను తయారుచేశాడు. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ వారు దీనికి తగిన రివాల్వరు చేశారు. నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న 'లాంగ్ రైఫిల్' రకం 1887లో వచ్చినది. సీసపు గుండు బరువు రెండున్నర గ్రాములకు కొంచెం ఎక్కువ. చప్పుడు తక్కువ, చేతికి తగిలే ఎదురుదెబ్బ మరీ తక్కువ, ధర మిగిలిన తూటాలకంటె చౌక. నేర్చుకొనేవానికి ఇంతకంటె అనువైనది లేదు.

ఆ తూటాలోని పొగలేని మందుకు మూలం పత్తి అని మార్టూరు రైతులలో ఎందరికి తెలుసునో! 1846లో బాజెల్ నగరపు రసాయన శాస్త్రజ్ఞుడు షోన్‌బైన్ పత్తిని నత్రికామ్ల గంధకికామ్లాల మిశ్రమంలో నానబెట్టి, చూపునకు మామూలు దూదివలెనే ఉండి, నిప్పు తగిలితే భగ్గుమనే పదార్థాన్ని చేశాడు. 1884లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వియే దానిని అదుపులో మండే తుపాకిమందుగా మార్చాడు. జిన్నింగు మిల్లులో పింజ తీసిన తరువాత గింజను అంటిపెట్టుకొని మిగిలే పొట్టి నూగు ఈ పరిశ్రమకు ముఖ్యమైన ముడిసరుకు. రసాయనశాస్త్రం బోధించే ఉపాధ్యాయులు సెల్యులోజు పాఠం దగ్గర ఈ ముక్క చెప్పితే, పిల్లలు తమ ఊరి చేలను మరొక కంటితో చూస్తారు.

తూటా చిన్నదైనంత మాత్రాన దాని పేచీలు చిన్నవి కావు. పేలుడు పదార్థం అంచు చుట్టూ సమంగా పరచుకోవాలి. ఎక్కడైనా వెలితి పడి, సూది సరిగ్గా అక్కడే తగిలితే తూటా పేలదు. గుండు మెత్తని సీసం. పైన మైనంవంటి పూత. వేసవిలో కోస్తా ఎండకు ఆ పూత మెత్తబడుతుంది. దానికి దుమ్ము అంటుకుంటుంది. తూటాకు అంచు బయటికి పొడుచుకొని ఉండటంచేత, తూటాలను నిలువునా పేర్చే పెట్టెలో ఒకదాని అంచు మరొకదానికి వెనుక చిక్కుకొని బిగుసుకోవచ్చును. ఇక స్వయంగా తిరిగి నింపుకొనే పిస్తోలు, కాలిన తూటా వెనక్కి తన్నే బలంతోనే పనిచేస్తుంది. ఇంత చిన్న తూటాకు ఆ బలం అంతంతమాత్రం. మందు కాస్త తక్కువైనా, యంత్రం మురికిపట్టినా, ఖాళీ తూటా బయటకు రాక మధ్యలో నిలిచిపోతుంది. కనుక ఈ తరగతి పిస్తోళ్ళలో అసలు గుణం నిలకడ. అందం, పేరు, మెరుగు ఆ తరువాతివి.

నిలకడ విలువ ఎంతటిదో 2021 జూలైలో దేశమంతా చూసినది. టోకియో ఒలింపిక్ క్రీడలలో 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు అర్హత పోటీ నడుస్తుండగా మను భాకర్ పిస్తోలు మొరాయించినది. అది రిమ్‌ఫైరు కాదు, గాలి పిస్తోలే. మీటకు సంబంధించిన భాగం చెడినది. మరమ్మతు చేయించుకొని తిరిగి వచ్చేసరికి విలువైన నిమిషాలు గడచిపోయినవి. మిగిలిన గుండ్లను తొందరగా కాల్చి 575 పాయింట్లతో పన్నెండవ స్థానంలో నిలిచి, ఫైనలు అవకాశం స్వల్ప తేడాతో పోగొట్టుకున్నది. సంవత్సరాల సాధన ఒక చిన్న లోహపు ముక్క దగ్గర ఆగిపోవడమంటే ఇదే. మూడేళ్ళ తరువాత 2024లో పారిస్‌లో ఆమె రెండు కాంస్య పతకాలు గెలుచుకున్నది.

మంచి పిస్తోలు ఎటువంటిదో చెప్పడానికి రష్యా దేశపు మార్గోలిన్ కథ అన్నిటికంటె గొప్పది. మిఖాయిల్ మార్గోలిన్ యౌవనంలోనే, 1920ల దశకంలో, పోరులో తలకు గాయమై రెండు కళ్ళనూ పోగొట్టుకున్నాడు. గుడ్డివాడు తుపాకులు చేయడమా అని లోకం విస్తుపోవచ్చును. అతడు మైనంతోనూ, మెత్తని ముద్దలతోనూ, కొయ్యతోనూ ఒక్కొక్క భాగాన్ని తన వ్రేళ్ళతో మలచి, పక్కనున్నవారికి వివరించి చెప్పి గీయించి, యంత్రాన్ని రూపొందించాడు. 1940ల చివర వచ్చిన ఆయన రిమ్‌ఫైరు పిస్తోలు సోవియట్ షూటర్ల చేతిలో దశాబ్దాలపాటు ఉన్నది. అందులో అలంకారం లేదు. చేతికి తడిమితే అర్థమయ్యే భాగాలు, తక్కువ సంఖ్యలో, గట్టిగా అమరి ఉంటవి. చూపులేనివాడు చేసిన పిస్తోలు చూపున్నవారి గురికి ఆధారమైనది! దాదాపు అదే కాలంలో, 1949లో, అమెరికాలో రూగర్ అనే అతడు అచ్చుపోసిన రెండు ఉక్కు రేకులను కలిపి అతికించి, ముప్ఫై ఏడున్నర డాలర్లకు సామాన్యునికి అందే రిమ్‌ఫైరు పిస్తోలును అమ్మాడు. చౌక సరుకు నమ్మకమైనది కాదనే మాటను అది చాలవరకు అబద్ధం చేసినది.

ఆయుధం ఎంతటిదైనా చేయి ముఖ్యం గదా అనేవారికి హంగరీ సైనికుడు కారొలి టకాచ్ ఉన్నాడు. 1938లో చేతిబాంబు పేలి అతని కుడిచేయి పోయినది. ఎవరికీ చెప్పకుండా ఎడమచేతితో సాధన చేసి, 1948లో లండనులోను, 1952లో హెల్సింకీలోను 25 మీటర్ల ర్యాపిడ్ ఫైరు పోటీలో స్వర్ణ పతకాలు గెలిచాడు. అయితే ఎడమచేతికి అతనికి పిడి కొత్తగా అమర్చుకోవలసి వచ్చి ఉంటుందన్నది ఊహించదగిన విషయమే. పిస్తోలు ఎన్నికలో చాలామంది మరచేది ఈ పిడినే.

పిడి చేతి కొలతకు సరిపోవాలి. పెద్ద చేతివాని పిస్తోలు చిన్న చేతికి తగదు. పోటీ పిస్తోళ్ళకు కొయ్య పిడులు కొలతలవారీగా దొరకడం ఇందుకే. అరచేతిలో ప్రతిసారీ ఒకే చోట కూర్చున్నట్లుండాలి. కళ్ళు మూసుకొని పైకెత్తి తెరిచి చూస్తే, ముందు గురిముక్క వెనుక గురిగాడి నడుమ దానంతట అది నిలవాలి. తరువాత మీట. అంతర్జాతీయ నియమాల ప్రకారం 25 మీటర్ల పిస్తోలు మీట కనీసం ఒక కిలో బరువును తట్టుకోవాలి. పిస్తోలు బరువు 1400 గ్రాములు మించరాదు. గొట్టం 153 మిల్లీమీటర్లకు, గురిముక్కల మధ్య దూరం 220 మిల్లీమీటర్లకు మించరాదు. ఇటలీ పార్దీని, జర్మనీ వాల్టర్, ఫైన్‌వెర్క్‌బౌ, స్విట్జర్లాండు మోరీని సంస్థల పిస్తోళ్ళు ఈ పోటీలలో ఎక్కువగా కనిపిస్తవి. వీటిలో ఏది మేలని వాదించుకోవడం కంటె, ఏ పిస్తోలుకు విడిభాగాలు, తెలిసిన మరమ్మతుదారు అందుబాటులో ఉన్నారో విచారించడం మేలు. సూది, స్ప్రింగు, తూటాను బయటికి లాగే కొక్కెం - ఈ మూడూ అరిగేవి. అవి విదేశాలనుంచి వచ్చేదాకా ఆరు నెలలు ఆగవలసి వస్తే ఎంత మంచి పిస్తోలైనా పెట్టెలోనే ఉంటుంది.

పరీక్ష విషయంలో మొగమాటం కూడదు. ఒకటి రెండు పెట్టెల తూటాలు కాల్చి చూసి మురిసిపోవడం సరిగాదు. మూడు నాలుగు రకాల తూటాలు తెచ్చి, ఒక్కొక్క రకం కనీసం వంద చొప్పున కాల్చి, ఎన్ని పేలలేదో, ఎన్ని చిక్కుకున్నవో కాగితంమీద వ్రాసుకోవాలి. ఒకే కొలత తూటాలైనా ఒక పిస్తోలుకు ఒక రకం నచ్చుతుంది, మరొకటి నచ్చదు. ఇందులో హేతువు ఉన్నది గాని ముందుగా చెప్పడం కష్టం, కాల్చి చూడవలసిందే. పిస్తోలును మెత్తమీద ఆనించి 25 మీటర్లనుంచి ఐదేసి గుండ్లు కాలిస్తే, అవి ఎంత దగ్గరగా పడుతున్నవో తెలుస్తుంది. నిదానపు పోటీలో పది పాయింట్ల వలయం వ్యాసం ఐదు సెంటీమీటర్లు మాత్రమే. వేగపు పోటీలో లక్ష్యం మూడు సెకన్లు కనబడి ఏడు సెకన్లు మరుగవుతుంది. చేయి ప్రతిసారీ క్రిందికి దించి లేపాలి. ఆ మూడు సెకన్లలో పిస్తోలు ఆగితే షూటరు లయ చెడుతుంది. నియమాలు ఒక మేరకు మళ్ళీ కాల్చనిచ్చినా, చెదిరిన మనస్సును తిరిగి కూర్చోబెట్టే నియమం ఏదీ లేదు.

ఖాళీ పిస్తోలు మీట నొక్కి సాధన చేయడం ఈ విద్యలో పెద్ద భాగం. ఇక్కడ రిమ్‌ఫైరుకు ఒక ప్రత్యేకమైన ప్రమాదమున్నది. తూటా లేనప్పుడు కొన్ని పిస్తోళ్ళలో సూది వెళ్ళి గొట్టపు అంచునే కొడుతుంది. కొంతకాలానికి రెండూ చెడుతవి. పోటీ పిస్తోళ్ళలో చాలావాటికి ఖాళీ సాధనకు వేరే ఏర్పాటు ఉంటుంది. కొనేముందు అడిగి తెలుసుకోవలసిన ప్రశ్న ఇది.

ఇప్పుడు చట్టం. 1959 ఆయుధాల చట్టం, 2016 నియమావళి ప్రకారం రిమ్‌ఫైరు పిస్తోలు లైసెన్సు లేనిదే ఉంచుకోరాదు. జిల్లాలలో లైసెన్సు ఇచ్చే అధికారం జిల్లా మేజిస్ట్రేటుది. పోలీసు విచారణ జరుగుతుంది. 21 సంవత్సరాలు నిండనివానికి సాధారణంగా సొంత లైసెన్సు లేదు. శిక్షణ పొందే చిన్నవారు నియమాలు అనుమతించినంత మేరకు, పెద్దల పర్యవేక్షణలో, రేంజిలోనే వాడాలి. 2019 సవరణతో ఒక వ్యక్తి వద్ద ఉండదగిన తుపాకుల సంఖ్య మూడునుంచి రెండుకు తగ్గినది. పోటీ షూటర్లకు ప్రత్యేకపు మినహాయింపులున్నవి. విదేశీ పిస్తోలు తెప్పించుకొనే సౌకర్యం కూడా పోటీలలో గుర్తింపు పొందినవారికే. అమెరికాలో అనేక రాష్ట్రాలలో వారాంతపు వినోదానికి అంగడిలో కొనుక్కొనే వస్తువు, మన దేశంలో క్రీడాకారుడు తన ఫలితాలు చూపి సంపాదించుకోవలసిన వస్తువు. ఇది చికాకైన పద్ధతి అనేవారున్నారు. పిల్లలున్న ఇళ్ళలో పిస్తోలు ఎంత సులువుగా దొరికితే అంత మంచిదని మాత్రం ఎవరూ అనలేరు.

కాబట్టి మార్టూరు బాలునికి మొదటి పిస్తోలు గాలి పిస్తోలే. పది మీటర్ల దూరం, నాలుగున్నర మిల్లీమీటర్ల సీసపు గుండు, పదిపాయింట్ల వలయం పదకొండున్నర మిల్లీమీటర్లు. చేతి నిలకడను ఇంత కఠినంగా పరీక్షించేది మరొకటి లేదు. ఈశా సింగ్ 2018లో పదమూడవ ఏట జాతీయ ఛాంపియన్ అయినది ఈ గాలి పిస్తోలుతోనే. హైస్కూలులో, కాలేజీలో ఎన్.సి.సి. దళమున్నచోట, విద్యార్థికి పాయింటు ఇరవై రెండు రైఫిలు కాల్చే అవకాశం ఒక్క పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. అక్కడే చెవికి, కంటికి రక్షణ పెట్టుకోవడం, గొట్టం మొన ఎప్పుడూ లక్ష్యం వైపే ఉంచడం, ఆజ్ఞ లేనిదే మీటమీద వ్రేలు పెట్టకపోవడం అలవాటవుతవి. సీసం విషపదార్థం గనుక కాల్చినతరువాత చేతులు కడుక్కోనిదే తినకూడదనే చిన్న నియమం కూడా అక్కడే చెప్పాలి. 1951లో మావలంకర్ గారి అధ్యక్షతన ఏర్పడిన జాతీయ రైఫిల్ సంఘానికి రాష్ట్ర శాఖలున్నవి; ఆయన పేరుమీద జరిగే పోటీలు గ్రామీణ విద్యార్థికి మొదటి మెట్టు.

రెండు మూడేళ్ళు అట్లా గడిచిన తరువాత, రేంజివారి రిమ్‌ఫైరు పిస్తోలుతో వేలకొద్దీ గుండ్లు కాల్చి చూచిన తరువాత, సొంతానిది కొనే మాట వస్తుంది. అప్పటికి ఆ కుర్రవానికి తన చేతి కొలత, తన మీట బరువు, తనకు పడే తూటా తెలిసి ఉంటవి. ఒక మిరప పంట ధర కలిసివచ్చిన సంవత్సరంలో తండ్రి లక్షలు ఖర్చు పెట్టదలచుకున్నా, పెట్టవలసినచోట పెడతాడు. పిస్తోలు ధరతో లెక్క ముగియదు. తూటాలు, రేంజి రుసుము, తాళమున్న ఇనుప పెట్టె, ప్రయాణాలు కలిపితే మొదటి సంవత్సరంలో అవి చేతిలోని పిస్తోలుతో సరితూగుతవి. గొట్టం తుడవడానికి మాత్రం మెత్తని నూలు పేలికలు ఆ ఊళ్ళో ఏ ఇంటనైనా దొరుకుతవి.