రొదను రొదతోనే

ఎలక్ట్రిక్ గిటార్‌కు నైలాన్ తీగలు బిగించి, ఆంప్‌కు (ఆంప్లిఫయర్‌కు) కలిపి, ఎంత గట్టిగా మీటినా స్పీకర్ నోరు విప్పదు. గిటార్ బాగానే ఉంటుంది, ఆంప్ బాగానే ఉంటుంది, తీగ కూడా ఊగుతూనే ఉంటుంది. కరెంటు గిటార్ కదా, తీగలు షాక్ కొట్టవా అని అడిగే పిల్లలకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. వాయిద్యం మోగడానికి తీగల్లోకి కరెంటు పంపరు. తీగ ఊగడం వల్లే కరెంటు పుడుతుంది. అలా పుట్టాలంటే తీగలో ఉక్కో, నికెలో ఉండాలి. కిందనున్న పికప్‌కు గాలిలోని శబ్దంతో పనిలేదు, అయస్కాంత క్షేత్రంలో కదలికే కావాలి.

పికప్ అంటే ఒక అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగితీగ చుట్ట. అంతే. అయస్కాంతం తన పైనున్న ఉక్కు తీగను కూడా కాస్త అయస్కాంతంగా మారుస్తుంది. మీటగానే ఆ తీగ ఊగుతుంది, చుట్టలోంచి పోయే అయస్కాంత బలరేఖలు దాంతోపాటే హెచ్చుతూ తగ్గుతూ ఉంటాయి. 1831లో ఫారడే చూపించినట్టే చుట్ట కొసల మధ్య వోల్టేజీ పుడుతుంది. ఐదో తీగ సెకనుకు 110 సార్లు ఊగితే వోల్టేజీ కూడా అదే లెక్కన ఊగుతుంది. 1930ల మొదట్లో అమెరికాలో జార్జ్ బీచమ్ దీన్ని గిటార్‌కు పట్టించాడు. చుట్ట చుట్టడానికి బట్టలుతికే యంత్రం మోటారు వాడాడని చెప్తారు. అడాల్ఫ్ రికెన్‌బాకర్‌తో కలిసి ఆయన అమ్మిన ఆ ఒళ్లో పెట్టుకు వాయించే గిటార్‌కు, ఆకారాన్ని బట్టి, జనం ‘ఫ్రయింగ్ పాన్’ అని పేరు పెట్టారు.

చవక గిటార్‌కూ ఖరీదైనదానికీ ఈ సూత్రంలో తేడా లేదు. ఫెండర్ కంపెనీ తరహా పికప్‌లో సుమారు 0.06 మిల్లీమీటర్ల మందమున్న తీగ దాదాపు 8000 చుట్లుంటుంది. ఖరీదైనదాంట్లో ఆల్నికో అనే మిశ్రమలోహపు ఆరు కడ్డీలే అయస్కాంతాలు. చవకదాంట్లో ఆరు మామూలు ఉక్కు కడ్డీలు, వాటి అడుగున అంటించిన ఒక సెరామిక్ పట్టీ. సెరామిక్ అనగానే పెదవి విరిచేవాళ్లు చాలామంది. స్వరం తేడాలో ఎక్కువ భాగం అయస్కాంతం పేరు వల్ల రాదు, ఎన్ని చుట్లు, ఎంత ఇండక్టెన్స్ (కరెంటులో మార్పును అడ్డుకునే గుణం) అన్నదాని వల్ల వస్తుంది.

అసలు తలనొప్పి వేరే ఉంది. వేల చుట్లున్న తీగచుట్ట పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్‌కు కూడా చెవి ఒగ్గుతుంది. కరెంటు తీగల చుట్టూ ఊగే అయస్కాంత క్షేత్రం, మన దగ్గర 50 హెర్ట్జ్, అమెరికాలో 60, చుట్టలో వోల్టేజీ పుట్టిస్తుంది. ఆంప్ దాన్ని అమాయకంగా పెంచి గదంతా నింపుతుంది. గిటార్ పట్టుకుని కుర్చీలో అటూ ఇటూ తిరిగితే ఆ రొద హెచ్చుతగ్గులవుతుంది, ఎందుకంటే చుట్ట ఏ దిక్కుకు చూస్తుందో దాన్నిబట్టి అందులోంచి పోయే క్షేత్రం మారుతుంది.

అమెరికాలో కలమజూలోని గిబ్సన్ గిటార్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీరు ఈ రొద మీద పడ్డాడు. అంతకుముందే ఒక ఆంప్ డిజైన్‌లో పవర్ ట్రాన్స్‌ఫార్మర్ పుట్టించే హమ్‌ను రెండు చుట్టలతో కొట్టేశాడు. అదే కిటుకు పికప్‌కు ఎందుకు పనికిరాదు? ముల్లును ముల్లుతో తీసే పద్ధతి.

రెండు చుట్టలు పక్కపక్కన పెట్టి, ఒకదాన్ని సవ్యంగా, రెండోదాన్ని అపసవ్యంగా కలిపారనుకోండి. బయటి నుంచి వచ్చే రొద రెండింటినీ ఒకేలా తాకుతుంది. ఒకటి ప్లస్ అంటే రెండోది మైనస్ అంటుంది, కలిస్తే సున్నా. బాగానే ఉంది, కానీ తీగ నాదం కూడా అలాగే సున్నా అయిపోదా? ఇక్కడే లవర్ చమత్కారం. రెండో చుట్ట కింద అయస్కాంతాన్ని కూడా తలకిందులు చేశాడు. తీగ నాదం అయస్కాంతం మీద ఆధారపడి పుడుతుంది కాబట్టి అది ఒకసారి చుట్ట వల్లా, మరోసారి ధ్రువం వల్లా రెండుసార్లు తిరగబడి మళ్లీ ప్లస్ దగ్గరకే వచ్చి చేరుతుంది. కరెంటు రొదకు మన అయస్కాంతం ఉత్తరమా దక్షిణమా అన్న పట్టింపు లేదు. అది ఒక్కసారే తిరగబడుతుంది, రద్దయిపోతుంది. నాదం మాత్రం రెట్టింపు. తయారీలో రెండు చుట్టలకూ ఒకే అయస్కాంతం సరిపోయింది. అడుగున అడ్డంగా పడుకోబెట్టిన పట్టీ ఒక వైపు కడ్డీలకు ఉత్తరాన్నీ, రెండో వైపు వాటికి దక్షిణాన్నీ పంచుతుంది.

దీనికి ఒక ఖరీదు ఉంది. వరసలో కలిపిన రెండు చుట్టల ఇండక్టెన్స్ ఎక్కువ, అందుకని పై స్థాయి శబ్దాలు కొంత అణగి స్వరం బొద్దుగా వస్తుంది. తర్వాతి కాలంలో రాక్ వాద్యకారులు ఆ బొద్దుతనాన్నే కోరుకోవడం వేరే సంగతి.

సరదా అంతా పేటెంట్ దగ్గర జరిగింది. లవర్ దరఖాస్తు 1955లో పడింది. ఇలినాయ్‌లో ఆంప్‌లు తయారుచేసే రే బట్స్ అదే ఆలోచనతో గ్రెచ్ గిటార్ల కోసం ఫిల్టర్‌ట్రాన్ అనే పికప్ చేశాడు. గిటారిస్టు చెట్ ఆట్కిన్స్ తన గిటార్ పికప్‌లతో విసిగి ఆయన్ను ఆశ్రయించాడు. బట్స్ దరఖాస్తు 1957లో. అయినా 1959లో పేటెంట్ ముందుగా చేతికొచ్చింది బట్స్‌కే, కొద్ది వారాల తేడాతో. రెండు కంపెనీలూ కోర్టుకెక్కలేదు. నిజానికి రొదను రొదతో కొట్టే ఆలోచన 1930ల పేటెంట్లలోనే ఉంది. పైపెచ్చు గిబ్సన్ ఆ తర్వాత పికప్‌ల మీద అంటించిన పేటెంట్ నంబరు ఈ పికప్‌ది కానే కాదు, గిటారిస్టు లెస్ పాల్ పేరున్న తీగల బిగింపు పరికరానిది! పోటీదారులను తప్పుదోవ పట్టించడానికా, గుమాస్తా పొరపాటా అని గిటార్ ప్రియులు ఇప్పటికీ తగువులాడుకుంటారు. అంతకుముందు అంటించిన ‘పేటెంట్ అప్లైడ్ ఫర్’ చీటీ ఉన్న పికప్ దొరికితే మాత్రం కళ్లకద్దుకుంటారు.

చవక గిటార్ కొన్నవాళ్లు రొద తగ్గుతుందని పికప్ గుంటల్లో రాగి రేకు అంటిస్తారు. మంచిదే, కానీ ఏది ఆగుతుందో తెలుసుకుని చెయ్యాలి. ఎర్త్ చేసిన రేకు విద్యుత్ క్షేత్రాన్ని ఆపుతుంది, కాబట్టి ట్యూబ్‌లైట్, డిమ్మర్ల ‘జీ’ శబ్దం తగ్గుతుంది. అయస్కాంత హమ్‌ను ఆ పల్చటి రేకు ఆపలేదు, అది రెండో చుట్ట పని. తీగలను ముట్టుకోగానే జీ తగ్గిందంటే భయపడనక్కర్లేదు, బ్రిడ్జ్ నుంచి ఎర్త్‌కు పోయే తీగ సరిగ్గా పనిచేస్తోందని అర్థం. భయపడాల్సింది ఎర్త్ పిన్ లేని ప్లగ్గుకు. లోపమున్న ఆంప్‌ను అలా కలిపితే, తీగల్లోంచి షాక్ నిజంగానే తగలవచ్చు.

మరి గిటార్ చెక్క సంగతి? న్యూజెర్సీలో నేథన్ డేనియల్ నడిపిన డానెలెక్ట్రో కంపెనీ 1950లలో మేసనైట్ పలకలతో, అంటే చెక్కపొట్టును వేడిలో అదిమి చేసిన అట్టలతో, గిటార్లు కట్టింది. పికప్‌లను లిప్‌స్టిక్ గొట్టాల్లో పెట్టింది. సియర్స్ దుకాణాలు వాటిని సిల్వర్‌టోన్ పేరుతో, ఒక మోడల్‌కైతే పెట్టెలోనే ఆంప్ అమర్చి, అమ్మాయి. కుర్రవాడిగా ఉన్నప్పుడు రాక్ గిటారిస్టు జిమి హెండ్రిక్స్ చేతిలో ఒక డానెలెక్ట్రో ఉండేది. రాక్ బృందం లెడ్ జెప్పెలిన్ కచేరీల్లో జిమ్మీ పేజ్ వేదిక మీద వాయించినవాటిలో మరొకటి ఉంది. అట్టపెట్టె లాంటి గిటార్ అని తీసిపారేయడానికి ముందు ఈ ఇద్దర్నీ తలుచుకోవాలి.

మరి చవక గిటార్ చేసేవాళ్లు డబ్బు ఎక్కడ మిగుల్చుకుంటారు? ఎక్కువగా మనిషి చేతిపనిలో. అందుకే చవక గిటార్‌ను చూసేటప్పుడు పికప్ పేరు కన్నా తీగ తగిలే చోట్లు ముందు చూడాలి. మెడను కంటి దగ్గర పెట్టి పొడవునా చూస్తే వంపు తెలుస్తుంది. మెడ లోపలుండే ట్రస్ రాడ్ అనే కడ్డీని తిప్పితే ఆ వంపు సరవుతుంది, మెలి తిరిగిన మెడ మాత్రం సరికాదు, అలాంటిది అక్కడే వదిలేయడం మేలు. అరచేతిని మెడ అంచు మీదుగా జారిస్తే ఫ్రెట్ల కొసలు గీరుకుంటున్నాయో లేదో తెలుస్తుంది. చెక్క ఎండి కుంచించుకుపోతే అవి బయటికొస్తాయి, సన్నటి ఆకురాయితో ఓపిగ్గా రాస్తే పోతాయి.

శ్రుతి నిలవడం లేదని బిరడాలు మార్చేవాళ్లున్నారు. చాలాసార్లు దొంగ నట్ దగ్గర, అంటే మెడ పైకొసన తీగలు ఆనే గాళ్ల పట్టీ దగ్గర, ఉంటాడు. గాడి ఇరుకైతే తీగ అక్కడ ఇరుక్కుని, బెండ్ చేశాక మొదటి చోటికి తిరిగి రాదు. గాడిలో పెన్సిల్ ముల్లు రుద్దితే ఎంత తేడా వస్తుందో ముందు చూడాలి. ఇక పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్, అదే చోట నొక్కి మీటిన స్వరం, రెండూ ఒకటే పలకాలి. నొక్కితే తీగ సాగి స్వరం కాస్త పైకి పోతుంది, ఆ మేరకు బ్రిడ్జ్ మీద తీగ ఆనే శాడిల్‌ను వెనక్కి జరపాలి. వీణ మెట్లు మైనంలో కూర్చుంటాయి కాబట్టి అవసరమైతే మెట్టునే జరుపుకోవచ్చు. గిటార్‌లో ఆ వీలు లేదు, శాడిల్ స్క్రూ ఒక్కటే గతి.

గరగరలాడే వాల్యూమ్ పాట్‌కు చుక్క కాంటాక్ట్ క్లీనర్, లేదంటే కొత్త పాట్. టోన్ కెపాసిటర్‌ను నూనెకాగితం రకంతో మార్చి అద్భుతం విన్నామనేవాళ్ల మాట నమ్మబుద్ధి కాదు. విలువ ఒకటే అయితే లోపలి పదార్థం తేడా ఎవరి చెవికీ తెలియదు. తేడా తెలిసేది కేబుల్ పొడవు. పికప్ ఇండక్టెన్స్, కేబుల్ కెపాసిటెన్స్ కలిసి ఒక అనునాదం తయారవుతుంది. పొడవాటి కేబుల్ దాన్ని కిందికి దించి స్వరాన్ని మూగబరుస్తుంది.

చవక గిటార్ల తర్వాతి చరిత్ర పరుగుపరుగున సాగింది. జపాన్ నకళ్లు అసలుకు సాటివచ్చాయి, ఫెండర్ 1982లో స్క్వయర్ పేరుతో అక్కడే చవక గిటార్లు చేయించింది, కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ యంత్రాలు చెక్క కోత తేడాను దాదాపు చెరిపేశాయి. మన దగ్గర, పాలకొల్లులో పుట్టిన మాండలిన్ విద్వాంసుడు యు. శ్రీనివాస్ ఇదే పికప్ సూత్రంతో పనిచేసే ఎలక్ట్రిక్ మాండలిన్‌కు జంట తీగలు తీసేసి ఐదు తీగలతో గమకాలు పలికించాడు.

మూడు సింగిల్ కాయిల్ (ఒకే చుట్ట) పికప్‌లున్న చవక గిటార్‌కు లవర్ కిటుకు పైసా ఖర్చు లేకుండా వర్తిస్తుంది. ముందుగా పికప్‌ల మీదుగా చిన్న దిక్సూచి జరపాలి. మధ్య పికప్ దగ్గర ముల్లు తిరగబడితే కంపెనీయే ఆ పని చేసిపెట్టిందని తెలుస్తుంది. తిరగబడకపోతే మధ్య పికప్‌ను విప్పి, అడుగున అంటించిన సెరామిక్ పట్టీని జాగ్రత్తగా ఊడదీసి బోర్లించి అంటించాలి, దాని రెండు వైర్లను తారుమారు చేసి టంకం పెట్టాలి. పట్టీని మాత్రమే తిప్పి వైర్లు వదిలేస్తే పక్క పికప్‌తో కలిసినప్పుడు నాదం పీలగా వస్తుంది. ఆల్నికో కడ్డీల ఖరీదైన పికప్‌లో ఇది తేలిక కాదు, అక్కడ చుట్ట కడ్డీల మీదే ఉంటుంది. పని సరిగ్గా కుదిరితే ఐదు స్థానాల స్విచ్ రెండులో, నాలుగులో ఉన్నప్పుడు హమ్ దాదాపు ఆగిపోతుంది. ఒక్క పికప్ మాత్రమే పలికే మిగతా మూడు చోట్లా అది మునుపటిలాగే ఉంటుంది.