కంకర మీద నూనె మరక

సబ్‌స్టేషన్‌లో డ్యూటీ మారే వేళ. రాత్రి షిఫ్టు ఆపరేటరు లాగ్‌బుక్కు అప్పజెప్పి బండి స్టార్ట్ చేస్తాడు. పగటి షిఫ్టుకు వచ్చినాయన కుర్చీలో కూలబడకుండా ముందు యార్డు చుట్టూ ఒక చుట్టు తిరిగొస్తాడు. చేతిలో పనిముట్టు ఉండదు. దేన్నీ ముట్టుకోడు. చూస్తాడు, చెవి ఒగ్గి వింటాడు, కాలిన వాసన ఏమైనా వస్తోందా అని గాలి పీలుస్తాడు. ట్రాన్స్‌ఫార్మర్ కింద కంకర మీద అరచేతి మేర నల్లటి మరక కనబడితే ఆగిపోతాడు. ఇది నిన్న ఉందా?

ఆ ఒక్క ప్రశ్న కోసమే ఆ తిరుగుడంతా.

మన నడిగూడెం అనగానే అందరికీ కోట గుర్తొస్తుంది. మునగాల పరగణా జమీందారు నాయని వెంకట రంగారావు గారి కోట అది. పింగళి వెంకయ్య జాతీయ జెండాకు రూపం ఇచ్చింది ఇక్కడేనని ఊరు గర్వంగా చెప్పుకుంటుంది. ఆ సంస్థానానికి దివానుగా ఉన్న కొమర్రాజు లక్ష్మణరావు గారు 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని నిలబెట్టి, సైన్సును తెలుగులో చెప్పవచ్చని చేసి చూపించారు. ఇవాళ ఇక్కడి రైతు రోజూ వాడుకునే సైన్సు మాత్రం కోటలో లేదు. ఇనుప కంచె వెనకాల గుంయ్‌మని మోగుతూ ఉంది. దాని గురించి మనకు తెలిసిందల్లా ‘దగ్గరికి పోకు’ అన్న మాటే. ఆ మాట పాటించాల్సిందే. కానీ కంచె బయట నిలబడి తెలుసుకోవాల్సింది చాలానే ఉంది.

నూనెలో మునిగిన యంత్రం

మండల కేంద్రాల్లో మనకు కనిపించేవి ఎక్కువగా 33/11 కేవీ సబ్‌స్టేషన్లు. 33 వేల వోల్టులతో వచ్చిన కరెంటును అక్కడి పవర్ ట్రాన్స్‌ఫార్మరు 11 వేలకు దించుతుంది. సిబ్బంది దాన్ని పీటీఆర్ అంటారు. అక్కణ్నుంచి కరెంటు ఫీడర్లనే లైన్ల మీద ఊళ్లకూ చేలకూ వెళ్లి, గట్టు మీది చిన్న ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మోటరుకు పనికొచ్చే 400 వోల్టుల స్థాయికి దిగుతుంది. యాసంగి వరి నీళ్లకు ఎదురుచూసే రోజుల్లో మోటర్లన్నీ ఒక్కసారి ఎత్తుకుంటే ఆ బరువంతా పడేది పీటీఆర్ మీదే.

దాని పొట్ట విప్పి చూస్తే ఇనుప రేకుల దిమ్మ, దాని చుట్టూ కాగితం చుట్టిన రాగి తీగ, ఆ రెంటినీ ముంచుతూ నూనె. ముడి చమురు నుంచి తీసిన ఖనిజ నూనె ఇది. దీనికి రెండు పనులు. వేల వోల్టుల తీగ నుంచి పక్కనున్న ఇనుముకు కరెంటు దూకకుండా అడ్డుపడటం ఒకటి. తీగలో పుట్టిన వేడిని మోసుకొచ్చి, పక్కనున్న రేడియేటర్ రెక్కల్లో గాలికి వదిలేయటం రెండోది. కాగిన నూనె పైకి లేస్తుంది, చల్లారింది అడుగుకు దిగుతుంది. ఎసట్లో నీళ్లు తిరిగినట్టే.

5 ఎంవీఏ సామర్థ్యమున్న పీటీఆర్‌లో ఆ నూనె రెండు మూడు వేల లీటర్లు ఉంటుంది. ఇంటింటికీ వేసే 20 లీటర్ల నీళ్ల క్యాన్లతో కొలిస్తే నూరు క్యాన్ల పైమాటే. 220 కేవీ స్టేషన్లలోని పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లలో పదుల వేల లీటర్లు పడుతుంది.

ఈ నూనెకు ప్రాణశత్రువు నీళ్లు. నూనె బాగుందో లేదో చూడటానికి ఒక పరీక్ష ఉంది. రెండు లోహపు గుండ్లను 2.5 మిల్లీమీటర్ల ఎడంలో నూనెలో ముంచి వోల్టేజీ పెంచుతూ పోతారు. కొత్త నూనె కనీసం 30 వేల వోల్టుల దాకా రవ్వ పుట్టకుండా తట్టుకోవాలి. లక్ష పాళ్ల నూనెలో కొన్ని పాళ్ల తేమ చేరినా ఆ శక్తి పడిపోతుంది. కారడాన్ని సిబ్బంది అంత పట్టించుకునేది పోయిన నూనె ఖరీదు చూసి మాత్రమే కాదు. నూనె బయటికి రాగలిగిన సందులోంచి తేమ లోపలికి పోగలదు. మట్టం బాగా తగ్గితే తీగలే నూనె పైకి తేలి, గాలికి బయటపడతాయి.

కంటికి దొరికేవి

తిరుగుడులో మొదటి చూపు పైకి పోతుంది. ట్యాంకు నెత్తిన అడ్డంగా పడుకున్న చిన్న డ్రమ్ము లాంటిది కన్సర్వేటరు. పగలు ఎండకూ లోడుకూ నూనె ఉబ్బి అందులోకి ఎక్కుతుంది, రాత్రి చల్లబడి కిందికి దిగుతుంది. ఉబ్బినప్పుడు గాలి బయటికి పోతుంది, ముడుచుకున్నప్పుడు లోపలికి వస్తుంది. ఒక రకంగా ట్రాన్స్‌ఫార్మర్ ఊపిరి తీస్తుందన్నమాట. ఆ ఊపిరి పోయే దారిలో గాజు గొట్టం నిండా సిలికా జెల్ గుళ్లు పోసి పెడతారు. లోపలికి పోయే గాలిలోని తేమను అవి పీల్చుకుంటాయి. గుళ్లు నీలంగా ఉంటే పొడిగా ఉన్నట్టు, గులాబీ రంగుకు తిరిగితే తేమతో నిండినట్టు. వాటిని తీసి వేయిస్తే మళ్లీ నీలం తిరిగొస్తుంది. పొద్దున్నే ఒక్క చూపుతో తెలిసిపోయే సంగతి ఇది. ఆ ఒక్క చూపు నెలల తరబడి పడకపోతే తేమ నేరుగా నూనెలోకి చేరుతుంది.

తర్వాత పింగాణీ బుషింగులు. తీగ ట్యాంకులోకి దిగేచోట గొడుగు మీద గొడుగు పెట్టినట్టుండేవి ఇవే. బీట పడిందా, పెచ్చు ఊడిందా, దుమ్ము పేరుకుందా, మొదలు దగ్గర నూనె చెమ్మ ఉందా? ఆ పైన రేడియేటర్ రెక్కలు, వాల్వులు, మూతల కింద గాస్కెట్లు. కొత్త కారుడు తళతళ మెరుస్తుంది. పాత కారుడు దుమ్ము పట్టి నల్లగా మొద్దుబారుతుంది. ఏది నిన్నటిదో, ఏది పోయిన నెలదో అనుభవం ఉన్న కన్ను ఇట్టే చెప్పేస్తుంది.

ట్యాంకుకూ కన్సర్వేటరుకూ మధ్య గొట్టంలో గాజు కిటికీ ఉన్న చిన్న పెట్టె ఉంటుంది. జర్మనీకి చెందిన మాక్స్ బుఖోల్జ్ 1921లో కనిపెట్టిన రిలే అది. లోపల ఎక్కడైనా రవ్వలు పుట్టి నూనె చెడితే వచ్చే వాయువు పైకి పొంగి ఆ పెట్టెలో చేరుతుంది. కొంచెం చేరితే గంట మోగుతుంది. లోపల పెద్ద దెబ్బ తగిలి నూనె ఒక్క ఉదుటున తోసుకొస్తే లైను తెగిపోతుంది. కిటికీలో బుడగ కనిపించిందంటే లోపల ఏదో చెడిందేమోనని అనుమానించాలి.

చెవికీ పని ఉంది. 50 హెర్ట్జ్ కరెంటుకు ఇనుప రేకులు సెకనుకు 100 సార్లు అదురుతాయి. మనకు వినిపించే గుంయ్‌మనే మోత దానిదే. ఆ మోతలో చిటపటలు కలిస్తే, బుస్సుమంటే, ఎప్పుడూ లేనంత గట్టిగా మోగితే కారణం వెతకాలి. రాత్రి యార్డు లైట్లు ఆర్పి చూడటం ఇంకో పద్ధతి. రెండు తీగలను కలిపే జంపరు వదులైతే పగలు మామూలుగానే కనిపిస్తుంది. చీకట్లో లోడు మీద ఉన్నప్పుడు నిప్పుకణికలా ఎర్రబడి పట్టుబడుతుంది.

కింద పరిచిన కంకర అందానికి కాదు. పొడి రాయి కరెంటును సులువుగా పోనివ్వదు. లోపం వచ్చి కరెంటు భూమిలోకి దిగినప్పుడు, నేల మీద ఒక అడుగుకూ ఇంకో అడుగుకూ మధ్య వోల్టేజీ తేడా పుడుతుంది. తెగిపడ్డ తీగ దగ్గర ముందు పశువులు ప్రాణం పోగొట్టుకోవడానికి అదొక కారణం. వాటి ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య ఎడం ఎక్కువ. యార్డులో మనిషి కాళ్ల కింద ఆ ప్రమాదాన్ని తగ్గించేది కంకరే. కారిన నూనె దాని సందుల్లోకి దిగిపోతే మంటకు గాలి అందడం తగ్గుతుంది. కాబట్టి కంకరలో గడ్డి మొలిచిందా, మట్టి పూడిందా అని చూడటం కూడా భద్రత తనిఖీలో భాగమే. ఎండిన గడ్డి నిప్పుకు మేత. పచ్చగా ఉంటే పాములకు, తొండలకు నీడ. ఒక్క తొండ, ఒక్క ఉడత పొరపాటు చోట పాకితే ఫీడరు మొత్తం ట్రిప్పవుతుంది.

ఉప్‌హార్ నేర్పిన పాఠం

కారిన నూనె ఎంత దూరం పోగలదో 1997 జూన్ 13న ఢిల్లీలో తెలిసింది. గ్రీన్ పార్కులోని ఉప్‌హార్ సినిమా హాలులో, కింది అంతస్తు పార్కింగ్ దగ్గర విద్యుత్ బోర్డు ట్రాన్స్‌ఫార్మరు ఉండేది. ఆ రోజు పొద్దున దానికి మంటలు లేస్తే ఆర్పి, మరమ్మతు చేసి మళ్లీ లైనులో పెట్టారు. సరిగా బిగించని కేబులు ఒకటి సాయంత్రం వదులై రేడియేటర్ రెక్కను తాకింది. నిప్పురవ్వలకు రెక్కకు చిల్లు పడింది. కాగిన నూనె బయటికి చిమ్మి అంటుకుంది. ఆ మంట నూనెతో పాటు పారి పార్కింగులోని కార్లను అందుకుంది. పొగ పైకెక్కి బాల్కనీని కమ్మేసింది. 59 మంది చనిపోయారు, వందకు పైగా గాయపడ్డారు. చనిపోయినవారిలో ఎక్కువ మందిని చంపింది మంట కాదు, పొగ.

కేబులు వదులుగా ఉండటం మొదటి తప్పు, దాన్ని కన్ను పట్టాలి. కారిన నూనె పారింది, దాన్ని పట్టాల్సింది ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉండే గుంత.

చివరి అడ్డు: నూనె గుంత

ట్రాన్స్‌ఫార్మర్ పునాది చుట్టూ కట్టిన గట్టు, లోపల కంకర, దాని అడుగున ఖాళీ. దీన్నే సోక్‌పిట్ అంటారు. 1956 నాటి భారతీయ విద్యుత్ నియమాల్లోనే ఇది ఉంది. ఒక ట్యాంకులో 9,000 లీటర్లకు మించి నూనె ఉంటే, కారినదాన్ని అక్కణ్నుంచి సురక్షితంగా తరలించే ఏర్పాటు కూడా ఉండాలన్నాయి. పక్కపక్కన ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ల మధ్య చాలినంత ఎడం లేకపోతే నాలుగు గంటలు మంటకు ఆగే గోడ కట్టాలన్నాయి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లోనూ, మళ్లీ 2023లోనూ భద్రతా నిబంధనలను తిరగరాసింది. అమెరికాలో నేల మీద మొత్తం 1,320 గ్యాలన్లకు, అంటే దాదాపు 5,000 లీటర్లకు మించి నూనె నిలవ ఉండి, అది నీళ్లలో కలిసే వీలుంటే, కారకుండా ఆపే పథకం రాసిపెట్టుకోవాలి.

గుంత తవ్వితే పని అయిపోలేదు. మన దగ్గర దానికి అసలు పరీక్ష పెట్టేది వాన. 2024 సెప్టెంబరు మొదట్లో కుండపోతకు నడిగూడెం మండలంలోని కాగిత రామచంద్రాపురం దగ్గర నాగార్జునసాగర్ ఎడమ కాల్వకు గండి పడిన రోజులు ఎవరూ మర్చిపోలేదు. అలాంటి వానకు సోక్‌పిట్ నీళ్లతో నిండి కూర్చుంటే, సరిగ్గా అప్పుడే ట్యాంకు పగిలితే, నూనెకు అక్కడ చోటేదీ? నూనె నీళ్లకంటే తేలిక, పైకి తేలుతుంది, గట్టు దాటి పారుతుంది. పక్కనే కాల్వ కింది వరి మడి ఉంటే అందులోకే.

అందుకని వాన వెలిసిన ప్రతిసారీ గుంతలోకి తొంగి చూడాలి. నీళ్ల మీద ఇంద్రధనుస్సు రంగుల పొర తేలుతుంటే ఆ నీళ్లను బయటికి తోడకూడదు. పొర లేదని తేల్చుకున్నాకే మోటరు వేయాలి. పెద్ద స్టేషన్లలో నూనెను, నీటిని వేరుచేసే తొట్టి కడతారు. దాంట్లో కిటుకు చిన్నదే: బయటికి పోయే గొట్టం నోరు అడుగున ఉంటుంది. నీళ్లు కింది నుంచి వెళ్లిపోతాయి, నూనె పైన ఆగిపోతుంది. వెన్నను కదిలించకుండా కుండ అడుగు నుంచి మజ్జిగ తీసినట్టు.

పట్టుకున్న నూనెను ఏం చేయాలన్నది కూడా చట్టం చెబుతుంది. వాడేసిన ట్రాన్స్‌ఫార్మర్ నూనె 2016 నాటి వ్యర్థాల నియమాల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. అనుమతి ఉన్న శుద్ధి కేంద్రాలకే పోవాలి. పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్లు కొన్నింట్లో పీసీబీ అనే రసాయనం ఉండేది. 1968లో పశ్చిమ జపాన్‌లో అది తవుడు నూనెలో కలిసి వేలమందిని రోగులను చేసింది. మన దేశంలో దాని వాడకానికి 2025 డిసెంబరు 31ని ఆఖరి గడువుగా 2016లోనే నిర్ణయించారు. రాగి కోసం చేలల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టే దొంగలు నూనెను ఎక్కడికక్కడ ఒలకబోసి పోతారు. మోటరు ఆగిందన్న బాధలో రైతు తడిసిన మట్టి సంగతి మరిచిపోతాడు. ఆ మట్టిని తీసి వేరుగా ఉంచి, కరెంటు సిబ్బందికి చెప్పాలి.

చూసినా సరిపోదు

ఇంతకీ చూడటం ఒక్కటే సరిపోతుందా? 2025 మార్చి 20 రాత్రి లండన్ పక్కన నార్త్ హైడ్ సబ్‌స్టేషన్‌లో ట్రాన్స్‌ఫార్మరు అంటుకుంది. దాంట్లో 25,000 లీటర్ల నూనె. తెల్లారేసరికి హీత్రూ విమానాశ్రయం మూతపడింది, వెయ్యికి పైగా విమానాల రాకపోకలు తారుమారయ్యాయి. విచారణలో తేలిందేమిటంటే, కారణం బుషింగులో చేరిన తేమ కావచ్చు. ఆ తేమ జాడ 2018 జూలైలోనే పరీక్షలో దొరికింది. అంకె కాగితం మీద పడింది. పని మాత్రం జరగలేదు.

అక్కడ కన్ను తన పని తాను చేసింది, చెయ్యి చేయలేదు. తనిఖీ అంటే మూడు పనులు. చూడటం, రాయడం, రాసిందాని వెంటపడటం. మూడోది లేకపోతే మొదటి రెండూ వృథా. మన ఊరి సబ్‌స్టేషన్‌కైనా, మహానగరం పక్కనున్నదానికైనా ఇదే లెక్క.

ఊరివాళ్లకూ ఇందులో చిన్న భాగం ఉంది. కంచె దాటొద్దు. 33 కేవీ తీగకూ మనిషికీ మధ్య 2.8 మీటర్ల ఖాళీ ఉండాలని నియమాలు ఊరికే పెట్టలేదు. గట్టు మీది ట్రాన్స్‌ఫార్మర్ కింద తడి మరక కనిపించినా, మోత మారినా, పొగ వచ్చినా 1912కు ఫోను చేయండి, లేదంటే లైన్‌మన్‌కు చెప్పండి. పడేసిన నూనెను సీసాలో ఇంటికి తెచ్చుకోవద్దు.

ఆపరేటరు తిరుగుడు ముగించి లోపలికొచ్చి లాగ్‌బుక్కు తెరుస్తాడు. వరుసగా పాతిక గడుల్లో ‘నార్మల్’ అని రాసి ఉంటుంది. పాతికసార్లు రాయడం సులువే. కానీ ఇవాళ ఆయన పెన్ను ఆగింది. కంకర మీది మరక నిన్నటికంటే నాలుగు వేళ్లు వెడల్పైంది. ఆ సంగతిని ఆయన అట్లాగే, వేళ్ల లెక్కతో సహా రాశాడు. తర్వాత ఫోను తీసి అసిస్టెంట్ ఇంజనీరుకు కలిపాడు.