హద్దు మీరిన భక్తి: తొలినాటి షియా అతివాదులు

భద్రాచలమున శ్రీరామనవమినాడు ప్రభుత్వపక్షమున ముత్యాల తలంబ్రాలు సమర్పించుట మనమెరిగినదే. ఈ ఆచారము గోలకొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషా కాలమునుండి వచ్చినదని ప్రతీతి. రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీ అను పేర్లతో వచ్చి, గోపన్న బాకీని తానాషాకు చెల్లించిరను కథ ఈ అడవిపల్లెలలో వినని వారుండరు. ఆ తానాషా షియా మతస్థుడు. దైవము మానవరూపమున వచ్చుట మనకు అవతారమను ఒక్క మాటతో బోధపడును. కాని షియాల తొలి చరిత్రలో ఆ భావమే తీవ్ర కలహమునకు కారణమయ్యెను.

680వ సంవత్సరమున ప్రవక్త మనుమడైన హుసేను కర్బలాలో వధింపబడెను. ఆయనను పిలిచియు ఆదుకొనలేకపోయితిమను పరితాపము కూఫా నగరవాసులను దహించెను. 685లో ముఖ్తారు అనునతడు, అలీ మరియొక కుమారుడగు ముహమ్మద్ ఇబ్నుల్ హనఫియా పేరిట అచ్చట తిరుగుబాటు చేసి, 687లో హతుడయ్యెను. కొంతకాలమునకు ఇబ్నుల్ హనఫియా మరణింపగా, ఆయన చనిపోలేదనియు, రజ్వా పర్వతమున మరుగైయున్నాడనియు, తిరిగివచ్చి లోకమున న్యాయము నిలుపుననియు కొందరు నమ్మిరి. వీరికి కైసానీయులని పేరు.

ఎనిమిదవ శతాబ్దమున మరికొందరు ఇంకను ముందుకు పోయిరి. దైవాంశము అలీయందు ప్రవేశించి, ఆయన వంశీయులకు సంక్రమించెనని బోధించిరి. దీనిని 'హులూల్' అందురు. ఆత్మ దేహమునుండి దేహమునకు మారుననుట 'తనాసుఖ్'. ఇమామును గుర్తెరిగిన వానికి నమాజు, ఉపవాసములతో పనిలేదనిన వారును కలరు. కూఫాలో ఇట్టి బోధలు చేసిన బయాన్, ముగీరా అనువారిని 737లో ఉమయ్యదుల అధికారి చంపించెను. ఇమాము జాఫర్ సాదిఖునకే దైవత్వమును అంటగట్టిన అబుల్ ఖత్తాబును ఆ ఇమామే బహిరంగముగా నిరాకరించెను. సుమారు 755లో అతడును అనుచరులతో హతుడయ్యెను.

ఇట్టివారికి 'గులాత్' అని, అనగా హద్దు మీరినవారని, పేరు వచ్చెను. ఆ పేరు వారు పెట్టుకొన్నది కాదు, ఇతరులు పెట్టినది. వారినిగూర్చి మనకు తెలిసినది చాలవరకు నౌబఖ్తీ వంటి విమర్శకుల గ్రంథములవలననే. కావున ప్రతి ఆరోపణను యథాతథముగా నమ్మరాదు.

పన్నిద్దరు ఇమాములను అంగీకరించిన షియాలు హులూలును, పునర్జన్మను త్రోసిపుచ్చిరి. ఇమాము మార్గదర్శియే గాని దైవము కాడనిరి. అయినను ఇమాము మరుగగుట, మరలివచ్చుట అను విశ్వాసములను నిలుపుకొనిరి. గోలకొండ కుతుబ్ షాహీలు ఈ శాఖవారే. హైదరాబాదులోని బాద్షాహీ ఆషూర్ఖానా వారి భక్తికి నేటికిని సాక్షి.

తెలంగాణా పల్లెలలో హిందువులు సైతము పీర్లనెత్తి, అలావు చుట్టును తిరుగుదురు. దానిని చూచి ఆ పాత అతివాదమే ఇచ్చట నిలిచెనని తలచుట పొరపాటు. అది హుసేనుకొరకు పెట్టు కన్నీరు, దానికి తోడు మన పల్లెల మ్రొక్కుబడి. కూఫాలో చిక్కు తెచ్చినది ప్రేమ కాదు. ప్రేమించిన మనిషిని దేవుడని చెప్పవచ్చునా అను ప్రశ్న. ఆ ప్రశ్నకు అచ్చట ప్రాణములే పోయినవి. ఇచ్చట గోదావరి యొడ్డున, రాముడు ఒక షియా ప్రభువునకు దర్శనమిచ్చెనని జనులు ఆనందముతో చెప్పుకొనుచున్నారు.